దేశము మారినంతనే జఠరాగ్ని మారునా?

తెలుగువాడు అమెరికా వెళ్లినపుడు తిండికి ఇబ్బంది పడునని అందరూ ఒప్పుకొందురు. ఆవకాయ, కందిపొడి పెట్టెలలో సర్దుకొని పోవుట మనము ఎరిగినదే. కాని ఇంగ్లాండు నుండి అమెరికా వెళ్లిన ఆంగ్లేయుడు కూడ అదే ఇబ్బంది పడునన్నచో మనవారు నమ్మరు. ఇరువురి భాష ఒక్కటే. ఇరువురూ గోధుమ రొట్టె, బంగాళాదుంప, మాంసము, పాలు, వెన్న తినువారే. ఇక తేడా ఎక్కడిది? అది మనసులోని బెంగ తప్ప వేరు కాదని తేల్చివేయుదురు. నేనును 2018 వరకు అట్లే తలచినాను. ఆ సంవత్సరము ఒహాయో రాష్ట్రములో మా అమ్మాయి ఇంట నాలుగు మాసములు ఉండవలసి వచ్చినది. అప్పుడు చూచిన ఒక వృద్ధుని విషయము నా అభిప్రాయమును మార్చినది.

మా అమ్మాయి ఇంటి ప్రక్క ఇంటిలో ఒక ఆంగ్ల కుటుంబము ఉండెడిది. ఆ ఇల్లాలు లాంకషైర్ ప్రాంతపు స్త్రీ, ఆసుపత్రిలో నర్సు. అమెరికా వచ్చి పదునైదేండ్లయినది. తల్లి మరణించిన పిదప ఒంటరిగా మిగిలిన తండ్రిని తన వద్దకు తెచ్చుకొన్నది. ఆయన వయస్సు డెబ్బది ఎనిమిది. ఊరిలో బస్సు నడిపి విశ్రాంతి పొందినవాడు. వచ్చిన ఆరు మాసములలో ఒక స్టోను బరువు తగ్గినాడు. స్టోను అనగా వారి లెక్కలో పదునాలుగు పౌనులు, మన లెక్కలో ఆరుకిలోల పైమాట. ఆ వయస్సులో అది చిన్న విషయము కాదు. పండ్లు, గొంతు, కడుపు, రక్తము అన్నియు పరీక్ష చేయించినారు. ఏ దోషమూ కనబడలేదు. భార్యావియోగము వలన కలిగిన దిగులని వైద్యులు మందు వ్రాసినారు. దిగులు నిజమే. కాని దిగులు మాత్రమే అని నాకు తోచలేదు.

"నాన్నగారూ, మీరొకసారి ఆయనను చూడండి, పాపం ఆవిడ ఏడుస్తోంది" అని మా అమ్మాయి అడిగినది. ఆ దేశములో వైద్యము చేయుటకు నాకు అధికారము లేదు. ఆ మాట ముందే స్పష్టముగా చెప్పినాను. వారి వైద్యుడు ఇచ్చిన మందు మానవద్దని, నేను చెప్పునది వంటయింటి మాట మాత్రమేనని చెప్పి వెళ్లినాను.

మొదటి దినము నేను చేసిన పొరపాటును ఇక్కడ దాచిపెట్టను. మందాగ్ని లక్షణములు కనబడినవి. వెంటనే మా అమ్మాయి చేత శొంఠి, మిరియము, జీలకర్ర వేసిన పలుచని చారు కాయించి పంపినాను. ఆయన మర్యాదస్థుడు. ఒక చెంచా త్రాగి, చాల బాగున్నదని మెచ్చుకొని, గిన్నెను ప్రక్కన పెట్టినాడు. మరునాడు కూడ అంతే. మూడవనాడు నేనే సిగ్గుపడి పంపుట మానివేసినాను.

గురుకులములో ఉన్నపుడు మా గురువుగారు చరకసంహిత చికిత్సాస్థానపు చివరి అధ్యాయమును పాఠము చెప్పుచు ఒకచోట ఆగి, ఈ భాగమును వైద్యులు చదివి మరచిపోవుదురని అనెడివారు. అక్కడ చరకుడు ఏ దేశమువారికి ఏ ఆహారము సాత్మ్యమో వివరించినాడు. బాహ్లికులు, పహ్లవులు, చీనులు, యవనులు, శకులు మాంసమునకు, గోధుమకు అలవాటుపడినవారు. తూర్పుదేశమువారికి చేపలు, సింధుదేశమువారికి పాలు, మలయవాసులకు కందమూలములు, దక్షిణాదివారికి జావ వంటి పేయలు. రోగికి ఔషధము ఇచ్చునపుడు కూడ అతనికి సాత్మ్యమైన దానితో కలిపియే ఈయవలెనని చెప్పినాడు. అశ్మక, అవంతి దేశములవారికి నూనె, పులుపు సాత్మ్యమట. మన బోధన్ ప్రాంతము అశ్మకములోనిదేనని చరిత్రకారుల మాట. తెలుగువాని ఆవకాయ మక్కువకు ఇంతకన్న పాత సాక్ష్యము నాకు తెలియదు!

లాంకషైర్ వృద్ధునికి జీలకర్ర చారు పట్టించబోయిన నేను ఆ అధ్యాయమును మరచినవారిలో ఒకడను. సాత్మ్యము అనగా ఇష్టము కాదు. చిరకాలము వాడుట వలన దేహము తనదిగా చేసికొన్నది సాత్మ్యము. దానినే ఓకసాత్మ్యమని కూడ అందురు. డెబ్బది ఎనిమిదేండ్లు ఒక విధముగా పనిచేసిన జఠరాగ్ని విమానము దిగిన మరునాడు వేరొక విధముగా పనిచేయవలెనని కోరుట న్యాయము కాదు.

నాలుగవనాడు మరల వెళ్లి ఆయనను వేరొక ప్రశ్న అడిగినాను. ఏమి తినవలెనని ఉన్నదని అడుగలేదు. ఆ ప్రశ్నకు ఆకలి లేనివాడు ఏమియు వద్దనియే చెప్పును. ఇక్కడ ఏ పదార్థము మీ ఊరి దానివలె లేదని అడిగినాను. ఆరు మాసములుగా ఎవ్వరూ ఆ ప్రశ్న వేయలేదు కాబోలు, గంటసేపు చెప్పినాడు.

మొదట చెప్పినది రొట్టె. ఇక్కడి రొట్టె తీపిగా ఉన్నదని, రొట్టె తిన్నట్లు కాక మిఠాయి తిన్నట్లున్నదని అన్నాడు. కూతురు నవ్వినది. నేను ఆ రొట్టె పొట్లము పైని వివరములు చదివించుకొన్నాను. పిండి, నీరు, ఈస్టు, ఉప్పులతో పాటు అందులో మొక్కజొన్న నుండి తీసిన తీపిపాకము చేరియున్నది. అమెరికాలో 1970ల నుండి ఈ పాకము అనేక ఆహారపదార్థములలో ప్రవేశించినది. ముసలివాని నాలుక అబద్ధము చెప్పలేదు.

రెండవది టీ. దీనికి కారణము విన్నపుడు నేనే ఆశ్చర్యపడినాను. బ్రిటన్ లో ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు, అమెరికాలో 120. అక్కడి కెటిలు మూడువేల వాట్ల వరకు లాగును. ఇక్కడిది సుమారు పదునైదు వందలు. నీరు మరుగుటకు రెట్టింపు సమయము పట్టును. అందువలన అనేక గృహములలో కెటిలే ఉండదు, నీటి కప్పును మైక్రోవేవ్ లో పెట్టి వేడిచేయుదురు. హోటలులో గోరువెచ్చనైన నీటి కప్పును, దాని ప్రక్కన టీ పొట్లమును తెచ్చిపెట్టుదురు. నల్లటీ ఆకు సారము దిగవలెనన్నచో నీరు తెర్లుచుండగానే పోయవలెను. పైగా అమెరికావారు త్రాగు టీలో అధికభాగము మంచుగడ్డలు వేసిన చల్లని టీ. 1773లో బోస్టను రేవులో టీ పెట్టెలను సముద్రములో పారవేసినవారి సంతతికి టీ మీద గౌరవము ఎట్లుండునని ఆయన పరిహాసము చేసినాడు. ఆ ఇంట ఆయన నవ్వుట ఆరు మాసములలో అదే మొదలని కూతురు తరువాత చెప్పినది.

ఇట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. పేరు ఒకటే, వస్తువు వేరు. బేకన్ అన్నచో ఆంగ్లేయునకు పంది వీపు వైపు మాంసము, అమెరికా వానికి పొట్ట వైపు మాంసము, కొవ్వు మెండు. (నేను మాంసము ముట్టను. కాని జంతువు శరీరములో ఏ భాగపు మాంసము గురువో, ఏది లఘువో చరకుడే విచారించినపుడు వైద్యుడు ముఖము త్రిప్పుకొనరాదు.) బిస్కట్టు అన్నచో ఒకరికి కరకరలాడునది, మరియొకరికి మెత్తని ఉబ్బిన రొట్టెముక్క. వారి డబుల్ క్రీములో నూటికి నలుబది ఎనిమిది పాళ్లు వెన్న ఉండును. అమెరికా హెవీ క్రీమునకు నియమము ముప్పది ఆరు పాళ్లు మాత్రమే. కోడిగ్రుడ్లను అమెరికాలో కడిగి అమ్ముదురు. కడుగుటతో పై పొర పోవును గనుక శీతలపెట్టెలోనే ఉంచవలెను. బ్రిటన్ లో కడుగరు, అంగడిలో బయటనే ఉండును. అమెరికా మామూలు పిండిలో జిగురు హెచ్చు, ఆంగ్లేయుల కేకుపిండిలో తక్కువ. బ్రిస్టల్ నగరపు హెన్రీ జోన్స్ 1845లో హక్కు పొందిన తానే పొంగు పిండి ఆంగ్ల గృహిణికి కుడిచేయి వంటిది. అమెరికాలో ఆ పేరుతో దొరకు దానిలో ఉప్పు కూడ కలిసియుండును. ఇంగ్లాండు పిల్లకు ఊదారంగు బిళ్ల నోట వేసికొన్నచో బ్లాక్‌కరెంట్ పండు రుచి తగులును. అమెరికా పిల్లకు ద్రాక్ష రుచి. ఆ బ్లాక్‌కరెంట్ మొక్క పైను చెట్లకు తెగులు వ్యాపింపజేయునని 1911లో అమెరికా నిషేధించినది. జాతీయ నిషేధము 1966లో తొలగినను ఆ పండు ఇప్పటికీ ఆ దేశపు నాలుకకు పరాయిదే.

చరకుడు విమానస్థానములో ఆహారమును పరీక్షించుటకు ఎనిమిది విషయములు చెప్పినాడు. ప్రకృతి, కరణము, సంయోగము, రాశి, దేశము, కాలము, తినవలసిన నియమము, తినువాడు. మనవారు ఇందులో మొదటిదైన ప్రకృతిని మాత్రమే పట్టుకొని గోధుమ గోధుమయే గదా, పాలు పాలే గదా అందురు. ఆ వృద్ధుడు చెప్పినవన్నియు తక్కిన ఏడింటికి చెందినవి. కడిగిన గ్రుడ్డు కరణభేదము. రొట్టెలో తీపిపాకము సంయోగభేదము. పళ్లెము నిండుగా ఇద్దరికి చాలునంత వడ్డించుట రాశిభేదము. సాయంకాలము ఆరింటికి భోజనము ముగించు అలవాటు గలవానికి, కూతురు ఆసుపత్రి నుండి వచ్చి ఎనిమిదిన్నరకు వడ్డించుట కాలభేదము. ఆ పైన మంచుగడ్డలతో నిండిన నీటి గ్లాసు. అది మందాగ్ని గలవానికి ఏమి చేయునో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఆయన కోరిన వంటకములలో ఒకటి నన్ను ధర్మసంకటములో పడవేసినది. చేపను పాలలో ఉడికించి, ఆ పాలతోనే చిక్కని సాసు చేసి, పైన మెదిపిన బంగాళాదుంప పరచి కాల్చునది. వారి ఇండ్లలో సర్వసాధారణమైన వంట. చేపలు, పాలు కలిపి తినుట విరుద్ధాహారమని మనకు బాల్యము నుండి నేర్పినారు, నేను వందల మందిని వారించినాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వారింతునా, ఒప్పుకొందునా? తిరిగి సూత్రస్థానమునే ఆశ్రయించినాను. విరుద్ధాహారమును నిషేధించిన ఆ అధ్యాయములోనే చరకుడు, సాత్మ్యమైనవానికి, కొద్ది మాత్రగా తిన్నవానికి, అగ్ని బలముగా ఉన్నవానికి అది అంతగా బాధింపదని కూడ చెప్పియున్నాడు. ఈయనకు అగ్నిబలము లేదు. కాని సాత్మ్యము డెబ్బది ఏండ్లది. మాత్ర మన చేతిలోనిది. మధ్యాహ్నవేళ, ఒక చిన్న గిన్నె, వారమునకు ఒకసారి అని ఒప్పుకొన్నాను. నా తోటి వైద్యులలో కొందరు దీనిని తప్పుపట్టుదురు. పట్టనిండు. పస్తున్నవాని ముందు నిషేధముల పట్టిక చదువుట వైద్యము కాదని నా నమ్మకము. మన రోగులకు మాత్రము నేను ఈనాటికీ ఆ రెండింటిని కలుపవద్దనియే చెప్పుచున్నాను.

ఇక డబ్బాల సంగతి. తండ్రి మీది ప్రేమతో ఆమె ఇంగ్లాండు నుండి దిగుమతియగు డబ్బాలు, సీసాలు, పొట్లములు వెదకి వెదకి కొనెడిది. అక్కడి ధరకు మూడు నాలుగింతలు పెట్టవలసినదే. వంటయింటి అలమర నిండినది, తండ్రి కడుపు నిండలేదు. దూరదేశములలో ఉన్నవారందరూ చేయు పొరపాటు ఇదియే. ఇంటి వంటకు బదులు ఇంటి అంగడిని తెచ్చుకొందురు. టమాటా రసములోని చిక్కుడుగింజల డబ్బాను చూడుడు. ఆంగ్లేయునకు తన దేశపు గుర్తుగా తోచు ఈ పదార్థము హీంజ్ అను అమెరికా సంస్థది. 1886లో లండనులోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ అంగడిలో విదేశీ వింతగా అమ్మినారు. 1928లో ఇంగ్లాండులోనే తయారీ మొదలైనది. ఇప్పుడు అమెరికాలోని ఆంగ్లేయుడు అమెరికా డబ్బా మరీ తీపియని, ఇంగ్లాండు డబ్బాను సముద్రము దాటించి తెప్పించుకొనుచున్నాడు!

ఒక్క సీసాకు మాత్రము నేను నమస్కరించినాను. 1902లో బర్టన్ పట్టణములో బీరు తయారీలో మిగిలిన ఈస్టు నుండి చేయ మొదలుపెట్టిన మార్మైట్ అను నల్లని ఉప్పని లేహ్యము. వాసన చూచి మా అమ్మాయి ముక్కు మూసికొన్నది. కాని లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణీ స్త్రీల పాండురోగమును ఈ ఈస్టు సారముతో కుదిర్చి 1931లో ప్రకటించినది. అందులోని గుణమే తరువాత ఫోలిక్ ఆమ్లముగా తేలినది. నేడు మన గర్భిణులు మ్రింగు మాత్రలకు మూలము అక్కడ ఉన్నది. ఆంగ్లేయుల తిండిలో సారము లేదని వెక్కిరించువారు ఈ మాట గుర్తుంచుకొనవలెను. అసలు వారి ఇంటి వంటకు చెడ్డపేరు వచ్చుటకు యుద్ధకాలము కూడ ఒక కారణము. 1940 నుండి 1954 వరకు పదునాలుగు సంవత్సరములు అక్కడ వెన్న, మాంసము, పంచదార వంటివి రేషనులో ఇచ్చినారు. ఒక తరము గృహిణులు లేనిదానితోనే వండవలసి వచ్చినది. అంతకు ముందు 1747లోనే హన్నా గ్లాస్ తన పాకగ్రంథములో మన దేశపు కూరను కూడ చేర్చిన సంగతి మరువరాదు.

అయితే ఇంటి వంట పరదేశములో సాధ్యమా? ఈ ప్రశ్నకు ఆంగ్లేయుల చరిత్రలోనే సమాధానమున్నది. 1620లో ప్లిమత్ లో దిగిన ఆంగ్లేయులకు గోధుమలు సరిగా పండలేదు. అక్కడి ఆదివాసులు మొక్కజొన్న నేర్పినారు. ఇంగ్లాండులో గోధుమపిండినో ఓట్స్ పిండినో పాలలో కాచి హేస్టీ పుడ్డింగ్ అను జావ చేసికొనుట ఆ స్త్రీలకు అలవాటు. ఆ తల్లులు ఆ జావను విడువలేదు, గోధుమకై ఓడల కొరకు ఎదురు చూచుచు కూర్చుండలేదు. మొక్కజొన్న పిండితో అదే జావ కాచినారు. దానినే పాలు, చెరకు మడ్డితో కలిపి కాల్చి ఇండియన్ పుడ్డింగ్ అన్నారు. ఆ ఇండియన్ అను మాట మనలను గూర్చినది కాదు, ఆదివాసులను గూర్చినది. 1796లో అమీలియా సిమ్మన్స్ ప్రకటించిన అమెరికా పాకగ్రంథములో ఇట్టి వంటలు కనబడును. పద్ధతి తమ ఇంటిది, ధాన్యము ఆ నేలది. నేను మెచ్చుకొను మార్గము ఇది.

ఇందులో ఒక హెచ్చరిక కూడ ఉన్నది. ఆదివాసులు మొక్కజొన్నను సున్నపు నీటిలోనో బూడిద నీటిలోనో ఉడికించి వాడెడివారు. వచ్చినవారు ధాన్యమును తీసికొన్నారు, సంస్కారమును వదలివేసినారు. తక్కిన ఆహారము బాగుగా ఉన్నంతకాలము నష్టము తెలియలేదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున దక్షిణ అమెరికా రాష్ట్రములలో మొక్కజొన్న మీదనే బ్రతుకు పేదలకు పెలాగ్రా అను వ్యాధి వచ్చినది. చర్మము పగులుట, విరేచనములు, మతిభ్రమణము, తుదకు మరణము. వేలాదిమంది పోయినారు. అది అంటువ్యాధి కాదు, ఆహారలోపమని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1914 నుండి శ్రమపడి నిరూపించినాడు. ఆ లోపము నయాసిన్ అని 1937లో తెలిసినది. సున్నపు నీరు మొక్కజొన్నలోని నయాసిన్ ను దేహమునకు అందునట్లు చేయును. కరణమును మన పెద్దలు ఆహారవిధిలో రెండవదిగా ఏల లెక్కించినారో దీనికన్న గట్టి ఉదాహరణ నాకు కనబడలేదు.

మరల ఆ ఇంటికి వత్తము. తల్లి చేతివ్రాతతో ఉన్న వంటల పుస్తకము ఒకటి కూతురు వద్ద ఉన్నది. పదునైదేండ్లలో తెరవలేదట. బియ్యపు పుడ్డింగుతో మొదలుపెట్టుమన్నాను. అది మన పరమాన్నమునకు చెల్లెలే. రెండు ఔన్సుల పొట్టిబియ్యము, ఒక పింటు పాలు, ఒక ఔన్సు పంచదార, కొంచెము వెన్న, పైన గీకిన జాజికాయ. సన్నని సెగమీద రెండు గంటలు కాల్చవలెను. పాలు పోసిన బియ్యము గురువని నాకు తెలియకపోలేదు. అయినను మూడు చెంచాలతో ఆరంభింపవచ్చుననుకొన్నాను.

మొదటిసారి అది ముద్దయై గట్టిపడినది. తండ్రి చూచి, అమ్మ చేసినది ఇట్లుండదని లేచిపోయినాడు. ఆమె వచ్చి నా ఎదుట కన్నీరు పెట్టుకొన్నది. ఇద్దరము కూర్చుండి పుస్తకమును మరల చదివినాము. దోషము పింటులో ఉన్నది. అమెరికా పింటు 473 మిల్లీలీటర్లు, ఇంగ్లాండు పింటు 568. 1824లో ఇంగ్లాండు తన కొలతలు మార్చుకొన్నది, అమెరికా పాత కొలతలనే ఉంచుకొన్నది. ఆమె ఇక్కడి కొలపాత్రతో పోసినది గనుక దాదాపు నూరు మిల్లీలీటర్ల పాలు తగ్గినవి. సెగ కూడ పుస్తకములో గ్యాస్ మార్కు రెండు అని ఉన్నది, ఇక్కడి పొయ్యి ఫారన్‌హీట్ లో చెప్పును. అది 300 డిగ్రీలు. రెండవసారి సరిగా కుదిరినది. మీది పొర గోధుమరంగులో ముడతలు పడినది. ఆయన గిన్నె అంచున అంటిన పొరను కూడ చెంచాతో గీకి తిన్నాడు. భార్య పేరు ఒకసారి పలికినాడు. మేము మాట్లాడక కూర్చున్నాము.

తరువాతి పనులు సులభమైనవి. నాలుగు వస్తువులతో ఇంట కాల్చిన రొట్టె. పొయ్యిమీద కాగు కెటిలు. ఉదయము ఓట్స్ జావ. సాయంకాలము ఆరింటికి, కూతురు రాకున్నను, మనుమని చేత వడ్డన. మంచునీటికి బదులు గోరువెచ్చని నీరు. నేను చారులో ఇవ్వబోయి భంగపడిన అల్లము కూడ ఆయన కడుపులోనికి చేరినది. ఎట్లనగా, వారి ప్రాంతములో నవంబరు 5వ తేదీ పండుగకు ఓట్స్ పిండి, నల్లని చెరకుమడ్డి, శొంఠిపొడి వేసి పార్కిన్ అను రొట్టె చేయుదురు. మడ్డి ఇక్కడ మొలాసిస్ అను పేర దొరకును. శొంఠి కొంచెము హెచ్చుగా వేయించి, భోజనమునకు ముందు వ్రేలెడు ముక్క ఇప్పించినాను. అది మందని ఆయనకు ఎవ్వరూ చెప్పలేదు. ఇచ్చట చెప్పుట దోషము కాదని తలచుచున్నాను.

మనుమల విషయములో నా సలహా వేరు. పదేండ్ల పిల్లలకు అమెరికాయే దేశము. వారిని ఇంగ్లాండు నాలుకతో పెంచుట అనవసరము. ఆమె మాత్రము నడిమి వయస్సుది. అలవాటైన అపథ్యమును ఒక్కసారిగా విడిచినచో రోగము వచ్చునని, నాలుగవ వంతు చొప్పున విడుచుచు, విడిచినంత పథ్యమును చేర్చుచు పోవలెనని మన ఆచార్యులు చెప్పిన పాదాంశిక క్రమము అట్టివారి కొరకే. ఆమె తీపిరొట్టెకు అలవాటుపడినది. పావువంతు ఇంటి రొట్టెతో మొదలుపెట్టుమన్నాను. ముసలివారికి ఈ క్రమము కూడ పెట్టవద్దని నా అభిప్రాయము. డెబ్బది దాటినవానిని కొత్త దేశమునకు అలవాటు చేయుట కన్న ఆ వంటయింటిని ఆయనకు అలవాటు చేయుట తేలిక.

నేను తిరిగి వచ్చునాటికి ఆయన రెండు పూటలా కూర్చుండి తినుచుండెను. మూడు మాసముల తరువాత ఆమె ఫోను చేసి నాలుగు పౌనులు పెరిగినాడని చెప్పినది. దిగులు మందు ఇంకను వాడుచున్నాడట, వాడవలసినదే.

ఇప్పుడు అమెరికాలోని పిల్లల వద్దకు పోవు తల్లిదండ్రులు నా వద్దకు వచ్చి ఏ చూర్ణములు, ఏ లేహ్యములు వెంట తీసికొని పోవలెనని అడుగుచుందురు. వ్రాసి ఇచ్చుచున్నాను. కాని ముందుగా ఒక పని చెప్పుచున్నాను. మీ ఇంటి గిద్ద ఎంత, సోల ఎంత? ఊరూరికి మారు కొలతలు అవి. మీ చేతి పిడికెడు బియ్యము, మీ ఇంటి చెంచాడు ఉప్పు, మీరు చారులో వేయు చింతపండు ఉండ, అన్నియు ఒకసారి తూచి, గ్రాములలో ఒక పుస్తకములో వ్రాసి మీ పిల్లలకు ఇచ్చి రండు.